జుల్మీరా కడిగిన కొమ్మలు

జుల్మీరా తుడిచిన నేల మీద ఈగ వాలితే కాలు జారి పడేది. ఊరికే అన్న మాట కాదు. ఆ జంతుశాలలో కాలు విరిగిన ఈగలు రెండు చాలాకాలం కుంటుకుంటూ తిరిగాయనీ, చూడవచ్చినవాళ్లు కోతుల్ని వదిలేసి వాటి చుట్టూ మూగేవారనీ వంటశాలలో జంతువులకు పళ్లు కోసే దొరలీసి ప్రమాణం చేసి చెబుతుంది. దొరలీసి ప్రమాణాల విలువెంతో అడక్కండి. జుల్మీరా శుభ్రం సంగతి మాత్రం, రియోకు ఎగువన కొండల కింద ఉన్న ఆ ఊళ్లో ఎవర్ని కదిలించినా ఇంతకంటే ఎక్కువే చెబుతారు.

కోతుల దగ్గరికి రాకముందు ఆమె పందొమ్మిదేళ్లు ధర్మాసుపత్రిలో నేలలు కడిగింది. ఆసుపత్రి నడిపే కన్యాస్త్రీలు సైతం ఆమె కడిగిన వార్డులోకి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవారు. ఆమెకో మొగుడు కూడా ఉండేవాడు. తడి నేల మీద నడవొద్దని రోజుకు ఏడుసార్లు చీవాట్లు తిని తిని, ఒకరోజు వానే పడని ఈశాన్య సీమకు బస్సెక్కి వెళ్లిపోయాడు. అతను వెళ్లిన దారిని కూడా జుల్మీరా వీధి మలుపు దాకా కడిగిందని అంటారు.

ఆమె చేతిలో పెట్టింది మామూలు కోతుల్ని కాదు. బంగారు సింహకోతుల్ని. ఉడుత కన్నా కాస్త పెద్ద ఒళ్లు, నారింజపండు రంగు బొచ్చు, మొహం చుట్టూ జూలు. దేవుడు సింహాన్ని బంగారంతో చేద్దామని మొదలుపెట్టి, అరచేయంత అయ్యేసరికి బంగారం అయిపోయి ఆపేసినట్టుంటాయి. ఊరంతా ఆడే జంతువుల లాటరీలో సింహానిది పదహారో అంకె, కోతిది పదిహేడు. ఇవి ఈనిన రోజున ఏ అంకె మీద కట్టాలో తేలక జంతుశాల గేటు దగ్గర కనీసం రెండు చొక్కాలు చిరిగేవి. అడవులు నరికి గడ్డి బీళ్లు చేశాక, ప్రపంచం మొత్తం మీద ఇవి మిగిలింది ఆ కొండల దిగువనే. ఐదారు వందలు కూడా ఉండవని జంతుశాల పెద్ద, ఎవరిస్తో అనే డాక్టరు, చెప్పేవాడు. పంజరంలో పిల్లల్ని కనడం వీటికి తెలియజెప్పకపోతే తన మనవలు వీటిని తపాలా బిళ్లల మీదే చూస్తారని ఆయన బెంగ.

జంతుశాలలో వీటికి రెండు షెడ్లు. ఒకదాంట్లో ఫిలోమెనా, బరాన్ అనే జంట. అది జుల్మీరాది. పనసచెట్టుకు అవతల రెండోదాంట్లో పిమెంతా, సర్జెంతో. అది బెలార్మీనోది.

ఈ బెలార్మీనో ఎవరంటే, ఒకప్పుడు ఇవే కోతుల్ని అడవిలో వలేసి పట్టి రియో సంతలో అమ్మినవాడు. చట్టం వచ్చింది, పోలీసులొచ్చారు, వల పోయింది. పట్టడం తెలిసినవాడికి పెంచడం కూడా తెలిసుంటుందని డాక్టరు తెచ్చి పనిలో పెట్టుకున్నాడు. అతనికి తెలిసింది ఒక్కటే, బోర్లించిన బకెట్ మీద కూచుని టోపీ మొహం మీదకు లాక్కుని నిద్రపోవడం. డాక్టరు గట్టిగా అరిస్తే వారానికి రెండుసార్లు నేల ఊడ్చేవాడు. ఊడ్చిందంతా మూలకు నెట్టేవాడు. మూల నిండితే ఇంకో మూల ఉందిగా. కొమ్మల జోలికి, కోతులు పడుకునే చెక్కపెట్టె జోలికి జన్మలో పోలేదు.

అలాంటివాడి షెడ్డులో ఏడాదిన్నరలో రెండుసార్లు కవలలు పుట్టాయి. దేశం మూడోసారి ఫుట్‌బాల్ కప్పు గెలిచిన మరుసటేడు, అక్టోబర్లో ఒక ఉదయం, మూడోసారి పుట్టాయి.

కబురు మోసుకొచ్చింది దొరలీసే. దొరలీసి కూతురికి జుల్మీరా జ్ఞానస్నానపు తల్లి. అప్పట్నుంచి ఇద్దరూ ఒకర్నొకరు 'కొమాద్రే' అనే పిలుచుకుంటారు. మిగతావాళ్లకు మాత్రం ఆడవాళ్లయితే 'దోనా', మగవాళ్లయితే 'సెవు' అని పేరు ముందు గౌరవం తగిలించడం ఆ ఊరి మర్యాద.

"కొమాద్రే, వినలేదా? మళ్లీ రెండు!"

"ఏమిటి రెండు?" అంది జుల్మీరా, తెలిసి తెలిసీ. చేతిలో బ్రష్షు ఆగలేదు గానీ, రుద్దిన చోటే రుద్దుతోంది.

"ఇంకేమిటి, అరటిపళ్లా? పిల్లలు! ఒక్కోటీ నీ బొటనవేలంత ఉన్నాయి. సెవు బెలార్మీనో గేటు దగ్గర నిలబడి, కన్నది తనే అన్నట్టు అందరి దగ్గరా అభినందనలు పుచ్చుకుంటున్నాడు."

"వాడి మొహం. వాడు కనడానికి కూడా బద్ధకిస్తాడు."

కడుపులో మంట మొదలైతే మనుషులకు నిద్ర పట్టదు, తిండి దిగదు. జుల్మీరాకు అవేవీ కాలేదు. ఆమెకు చేతులు దురద పెట్టేవి. ఆ పూట ఆమె ఫిలోమెనా షెడ్డును మూడుసార్లు కడిగింది. రోజూ ఆరింటికి క్లోరిన్ నీళ్లతో మొదలుపెట్టి కొమ్మలన్నీ దించి బ్రష్షుతో తోమి ఎండలో ఆరేసి మళ్లీ కట్టడం, చెక్కపెట్టెను సలసల కాగే నీళ్లతో కడగడం ఎలాగూ ఉంది. ఇది దానిపైన. ఫిలోమెనా, బరాన్ కీచుమంటూ లోపలికి పరిగెత్తి, కట్టిన ప్రతి కొమ్మకూ రొమ్ము ఆనించి రాసుకుంటూ, అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ తిరగసాగాయి. రోజూ చేసే పనే అది.

"చూడు, చూడు," అనేది జుల్మీరా వచ్చినవాళ్లకు చూపించి. "నేను తుడిచాక అవి కూడా ఒకసారి తుడుస్తాయి. నా చేతి కింద పెరిగిన పిల్లలు కదా!"

ఫిలోమెనా నిజంగా ఆమె చేతి కింద పెరిగిందే. సంతలో పట్టుబడిన బుట్టలోంచి గుప్పెడంత ఎముకలుగా వస్తే, జుల్మీరా దూది చుట్టి రవిక లోపల పెట్టుకుని, చుక్క చుక్క పాలు పట్టి బతికించింది. ఆసుపత్రిలో పందొమ్మిదేళ్లలో వేలమంది ఆమె నేల మీద నడిచి వెళ్లారు. ఒక్కరూ వెనక్కి తిరిగి ఆమె వేలు పట్టుకోలేదు. ఫిలోమెనా పట్టుకుంది. ఇప్పటికీ పట్టుకుంటుంది.

మధ్యాహ్నం బెలార్మీనో పనిగట్టుకుని ఆమె షెడ్డు ముందుగా నడిచాడు. నడవడానికి కూడా కష్టపడేవాడు అంత దూరం వచ్చాడంటే ఎందుకో చెప్పక్కర్లేదు.

"దోనా జుల్మీరా, మీ ఫిలోమెనాకి మొగుణ్ణి చూపించారా, లేక అతన్ని కూడా కడిగి తీగ మీద ఆరేశారా?"

"మీ చొక్కాని ఆరేస్తే బాగుండు, సెవు బెలార్మీనో. ఆరేయక్కర్లేదులే, అదే దానంతట అది నడిచి వెళ్లి ఏట్లో దూకుతుంది."

"దూకనీయండి. నా పిల్లలకి ఈ చొక్కా వాసనంటే ప్రాణం."

"నీ పిల్లలట!"

అతను టోపీ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ దణ్ణం ఆమెకు వారం రోజులు గుచ్చుకుంది.

అంతకంటే పెద్ద ముల్లు ఆ సాయంత్రం డాక్టరు తెచ్చాడు. పాపం మెత్తని మనిషి. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, అవతలివాళ్ల మొహం మసగ్గా కనిపించేలా చూసుకునేవాడు.

"దోనా జుల్మీరా, మూడేళ్లయింది. ఫిలోమెనాకి వయసు వెళ్లిపోతోంది. ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ దాటేలోగా కడుపుతో ఉన్న గుర్తు కనిపించకపోతే ఆ జంటని బెలార్మీనో చేతికి ఇస్తాను. వేరే దారి లేదు."

"నా ఫిలోమెనాని... వాడికా?"

"మీకు తాబేళ్లిస్తాను. అవి మంచి జీవాలు. ఎంత కడిగినా కదలవు."

ఆ రోజునుంచి జుల్మీరాకు మిగిలిన ఆలోచన ఒకటే. బెలార్మీనో దగ్గర ఏదో రహస్యముంది. అదేమిటో పట్టుకోవాలి.

పనసచెట్టు వెనకాల నిలబడి కాపలా కాసింది. మొదటి రోజు అతను మిడతల్ని విసరడం చూసింది. మర్నాడు గడ్డిలో మోకాళ్ల మీద పాకి నలభై మిడతల్ని పట్టింది. పట్టి, సబ్బునీళ్లలో కడిగి, పొడిగుడ్డతో తుడిచి మరీ ఫిలోమెనాకు పెట్టింది. ఫిలోమెనా ఒకదాన్ని వాసన చూసి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపుకు మాటలుండి ఉంటే అవి రాయదగ్గవి కావు. రెండో రోజు అతను బకెట్ మీద కూచుని సాంబా పాట కూనిరాగం తీయడం చూసింది. ఆమెకు సాంబాలు రావు. చర్చి పాటలందుకుంది. బరాన్ చెక్కపెట్టెలోకి దూరి తలుపు వైపు వీపు పెట్టాడు. మూడో రోజు అతను ఒళ్లు గోక్కుని, ఆవులించి, అదే చేత్తో అరటిపండు ఒలిచి తను సగం తిని సగం పిమెంతాకివ్వడం చూసింది. ఆ పని చేయడం జుల్మీరా వల్ల కాలేదు. ఇంటికెళ్లి మోచేతుల దాకా కడుక్కుంది.

"కొమాద్రే," అంది దొరలీసి బొప్పాయి కోస్తూ, "నువ్వు అతన్ని చూసినంత శ్రద్ధగా నీ మొగుణ్ణి చూసుంటే ఇవాళ ఇంట్లోనే ఉండేవాడు."

"వాడు అడవినుంచి పిల్లల్ని దొంగతనంగా తెచ్చి పెడుతున్నాడు. పాత వేటగాడు కదా. పిమెంతా కనడం ఎవరైనా చూశారా?"

"నేను చూశా. పోయినసారి నా కళ్లముందే కంది."

"నీ కళ్ల మాట నేను నమ్మను. కుంటి ఈగల్ని చూసిన కళ్లవి."

నవంబరు వచ్చేసరికి కుళ్లు ఆమె గొంతు దాకా నిండింది. తిన్నగా డాక్టరు గదికి వెళ్లింది.

"డాక్టర్ గారూ, నన్నేమన్నా అనుకోండి. ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, చూస్తూ ఊరుకోలేను. ఆ షెడ్డు కంపు కొడుతోంది. ఆ పసికూనలకి ఏదైనా జబ్బు తగిలితే రేపు మీరే ఏడవాలి."

అప్పటికి నెల ముందే పై రాష్ట్రంలో ఒక జంతుశాలలో జబ్బు దిగి కోతులు వరసపెట్టి చచ్చాయన్న కబురు డాక్టరును వణికిస్తోంది. వెంటనే లేచి వచ్చాడు. బెలార్మీనో షెడ్డులో ఒక కొమ్మ మీద వేలు పెట్టి రాశాడు. వేలు పసుపూ నలుపూ కలిసిన జిడ్డుతో వచ్చింది. ఆయన ఆ వేలిని తనది కాదన్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

"ఇది కడిగి ఎన్నాళ్లయింది?"

"డాక్టర్ గారూ, అడవిలో కొమ్మల్ని ఎవరు కడుగుతారు? వాన కడుగుతుంది."

"ఇక్కడ పైన కప్పుంది!"

"కప్పేయించింది మీరు. నేనేం చేసేది?"

డాక్టరుకు కోపం రావడం ఆ జంతుశాల చరిత్రలో అదే మొదలు. జుల్మీరా వైపు తిరిగి, "రేపు ఈ షెడ్డు మీ షెడ్డులాగా కావాలి," అన్నాడు.

మర్నాడు జుల్మీరా జీవితంలో అంత సంతోషమైన రోజు లేదు. పెళ్లిరోజున కూడా ఆమె అంత ఉతికి గంజిపెట్టిన ఆప్రాన్ కట్టుకోలేదు. కోతుల్ని పక్కగదిలోకి తోలి, బెలార్మీనో చూస్తుండగా, రెండేళ్ల మురికి మీద యుద్ధానికి దిగింది. నాలుగు బ్రష్షులు అరిగిపోయాయి. ఐదోది భయపడి పారిపోయిందని దొరలీసి అంటుంది. చెక్కపెట్టెను మూడుసార్లు మరిగే నీళ్లతో కడిగింది. కొమ్మలు ఎంత తోమినా జిడ్డు వదలకపోతే అన్నింటినీ ఊడదీయించి వంటశాల వెనక చెత్తకుప్ప మీద పారేయించి, తొక్క ఒలిచిన జామకొమ్మలు తెల్లగా మెరిసేవి కట్టించింది. పని చేస్తున్నంతసేపూ చర్చి పాటలు పాడింది.

"బాగుంది," అన్నాడు బెలార్మీనో టోపీ కిందనుంచి. "ఇక్కడ ఇప్పుడు ఆపరేషన్లు చేసుకోవచ్చు."

"మీ బద్ధకానికి ముందు చేయిద్దాం."

ఆ పూట ఇంటికి పోతూ ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు.

నాలుగో రోజు ఉదయం దొరలీసి వంటశాల గుమ్మంలో మొహం వేలాడేసుకుని నిలబడింది.

"కొమాద్రే, పిమెంతా పిల్లల్లో ఒకటి పోయింది. పొద్దున్నే నేలమీద పడుంది. మోయాల్సిన తండ్రి సర్జెంతో, వీపు మీదికి ఎక్కించుకోవడం మానేశాడట. వాటిని వదిలించుకోవాలన్నట్టు గోడకేసి రుద్దుతున్నాడట."

అబద్ధం చెప్పడమెందుకు? జుల్మీరా గుండెలో మొదట లేచింది సంతోషమే. చిన్నది, పదునైనది, మెరుపులాంటిది. ఆ వెనకే అందుకు సిగ్గు వచ్చింది. ఏది ముందొచ్చిందన్నది ఆమెకు బాగా తెలుసు.

బెలార్మీనో మొహం ఎలా ఉందో చూద్దామనే అటు వెళ్లింది. అతను బకెట్ మీద లేడు. నేలమీద మోకాళ్ల మీద ఉన్నాడు. టోపీ తలమీద లేదు, చేతుల్లో ఉంది, బోర్లా కాదు, వెల్లకిలా. ఆ టోపీలో గుప్పెడంత పిల్ల. ఆ మనిషికి జుట్టు నెరిసిందని ఆమె అప్పుడే చూసింది.

ఎత్తిపొడుస్తాడనుకుంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండేది.

"మీరు శుభ్రంగానే చేశారు, దోనా జుల్మీరా," అన్నాడతను తలెత్తకుండా. "నేనే ముందునుంచీ చేసుంటే... ఏ జబ్బో ఈ మురికిలో అప్పటికే అంటుకునుంటుంది. రెండోదైనా దక్కితే చాలు."

జుల్మీరా తీగ కంచె లోపలికి చూసింది. పిమెంతా ఒక తెల్లకొమ్మ మీద రొమ్ము ఆనించి బరబరా రాసింది. అక్కణ్ణుంచి రెండోదానికి దూకి దానికీ రాసింది. మూడోది, నాలుగోది. చివరిదాకా వెళ్లి మొదటికొచ్చి వాసన చూసి, నచ్చనట్టు మళ్లీ మొదలుపెట్టింది. ఆగడం లేదు. సర్జెంతో కూడా అంతే. అతని వీపు మీదనుంచి జారి, తొడ పట్టుకుని, అక్కణ్ణుంచి కూడా జారుతూ మిగిలిన పిల్ల కీచుమంటోంది.

'అరె, వీటికీ నా శుభ్రం అబ్బింది,' అనుకుంది జుల్మీరా. మూడేళ్లుగా అనుకున్న మాట కాబట్టి తనంతట తానే నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఈ షెడ్డులో ఇంతకుముందు ఎప్పుడూ ఇలా చేయడం ఆమె చూడలేదు. పనసచెట్టు వెనక రోజుల తరబడి నిలబడిన మనిషి. పిమెంతా ఎప్పుడు చూసినా కొమ్మ మీద కాళ్లు వేలాడేసుకుని పేలు చూపించుకుంటూ ఉండేది. ఈ రాసుకోవడం ఇక్కడ నాలుగు రోజులనుంచే ఉంది. ఫిలోమెనా దగ్గర మూడేళ్లనుంచి ఉంది.

ఆ జిడ్డు మురికి కాదు. అది వాటి ఇంటి గోడ మీద అవి ఒంటి వాసనతో రాసుకున్న పేరు. పొద్దున్నే ఆరింటికి జుల్మీరా వచ్చి ఆ పేరు చెరిపేస్తుంది. పాపం ఆ జంట సాయంత్రం దాకా తంటాలు పడి మళ్లీ రాసుకుంటుంది. తెల్లారితే మళ్లీ ఈమె బ్రష్షు. మూడేళ్లపాటు రోజూ కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, ఎవరిదో తెలియని గోడల మధ్య నిద్ర లేచే ఆడది పిల్లల్నెప్పుడు కంటుంది?

ఆమె వంటశాలకొచ్చి బల్ల మీద కూలబడింది. దొరలీసికి చెప్పింది. దొరలీసి కత్తి పక్కన పెట్టింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే చెప్పకు. ఆలోచించు కొమాద్రే. అక్కడ కూడా పిల్లలు పోతుంటే డాక్టరు నీ ఫిలోమెనాని అక్కడికెందుకు పంపుతాడు? కార్నివాల్ గడువు గంగలో కలిసింది. నీ జంట నీకే. నెమ్మదిగా ఆ బ్రష్షు మూలన పడేయి. నీ షెడ్డులో పిల్లలు పుడతాయి, వాడి షెడ్డులో పుట్టవు. నోరు మూసుకుంటే చాలు, నువ్వే గెలిచినట్టు."

దొరలీసి కాఫీ పోసిచ్చింది. జుల్మీరా తాగలేదు. ఆమెను కాల్చేస్తున్నది పాపభయం ఒక్కటే కాదు. ఇన్నేళ్ల చాకిరీ, అరిగిన గోళ్లు, క్లోరిన్‌కు పొట్టు లేచిపోయిన చేతులు ఒక పక్క. టోపీ మొహాన వేసుకుని నిద్రపోయినవాడు ఒక పక్క. అతని దగ్గర రహస్యమేదైనా ఉండి ఓడిపోయినా సహించేది. రహస్యం లేదు. బద్ధకం ఉంది. తన కష్టం మీద బద్ధకం గెలిచిందని తన నోటితోనే తను చెప్పాలి, అది కూడా అతనికి!

ఆ కుళ్లు ఆమెను మధ్యాహ్నం దాకా ఆ బల్ల మీదే కూర్చోబెట్టింది. వంటశాలకు తలుపులు బాగా బిగించేవే ఉన్నాయి. కానీ ఆ పసికూన కీచు పిట్ట ఈల లాంటిది, సన్నగా, తలుపు సందులోంచి కూడా వస్తుంది. జుల్మీరా లేచి తలుపు మూసింది. ఇంకో తలుపు మూసింది. ఇంక మూయడానికి తలుపుల్లేక బయటికి నడిచింది.

ఆదివారం, జనం కిటకిటలాడుతున్నారు. పాప్‌కార్న్ పొట్లాలు పట్టుకున్న కుటుంబాలన్నీ చూస్తుండగా జుల్మీరా చెత్తకుప్ప ఎక్కింది. కుళ్లిన బొప్పాయి తొక్కల్లోంచి, ఏనుగు పేడలోంచి ఆ పాత జిడ్డు కొమ్మల్ని ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంది. గంజిపెట్టిన ఆప్రాన్ నల్లబడింది. మెడకు జిడ్డు. జుట్టులో ఏదో. ఆమె అలా దారెంట నడిచి వస్తుంటే ఫ్లెమింగోలు ఒంటికాలి మీదనుంచి రెండో కాలు కూడా దించి చూశాయని అంటారు.

బెలార్మీనో నోరు తెరిచాడు. "ఇదేమిటి?"

"మీ మురికి. వెనక్కి తెచ్చా. కట్టండి."

"దోనా జుల్మీరా, మీకు ఒంట్లో..."

"కట్టమన్నానా! వివరాలు తర్వాత. ముందు నిచ్చెన తెండి, బద్ధకిష్టి మనిషీ!"

ఇద్దరూ కలిసి కట్టారు. ఇద్దరూ కలిసి ఒక పని చేయడం అదే మొదలు. చెక్కపెట్టెను అప్పటికే మరిగే నీళ్లతో కడిగేసింది కాబట్టి దాన్నేమీ చేయలేకపోయారు గానీ, పాత కొమ్మలు పదకొండూ పాత చోట్లలోనే పడ్డాయి. పిమెంతా ఒకదాని మీదికి దూకింది. ముక్కు ఆనించింది. కొమ్మ పొడుగునా వాసన చూసుకుంటూ వెళ్లింది. తిరిగొచ్చి దాని మీదే కూలబడి కాళ్లు వేలాడేసింది. ఎండ వాలేసరికి సర్జెంతో నేలకు దిగి, పిల్లను వీపు మీదికి ఎక్కించుకుని, ఏమీ జరగనట్టు పైకి వెళ్లిపోయాడు.

అప్పుడు చెప్పింది జుల్మీరా. వీపు అటు తిప్పి, కంచెతో మాట్లాడుతున్నట్టు, ముక్కలు ముక్కలుగా. బెలార్మీనో చాలాసేపు విన్నాడు.

"అంటే," అన్నాడు చివరికి, "నేను కడక్కపోవడం వల్లే..."

"ఇంకో మాట అన్నారంటే ఈ కొమ్మతోనే కొడతా."

మర్నాడు ఇద్దరూ డాక్టరు ముందు నిలబడ్డారు. జుల్మీరా ఏదీ దాచలేదు. పసికూన తన వల్ల పోయిందని చెప్పింది. మూడేళ్లుగా ఫిలోమెనా చేసే పనిని తను ఏమనుకుందో చెప్పింది. డాక్టరు కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"నేనూ రోజూ చూశాను," అన్నాడు. "చూసి మిమ్మల్ని మెచ్చుకున్నాను. ఆ షెడ్డు కడగమని పంపింది కూడా నేనే." అద్దాలు తుడుస్తూనే, "కానీ దోనా జుల్మీరా, మీ షెడ్డు గోడల్లోకి క్లోరిన్ ఇంకిపోయింది. అది వదిలేసరికి ఫిలోమెనాకి వయసు మిగలదు. బెలార్మీనో షెడ్డు వెనక గది ఖాళీగా ఉంది, ఎవరూ కడిగిన పాపాన పోలేదు. మధ్యలో గోడుంది, రెండు జంటలూ కొట్టుకోవు. జంటని అక్కడికి మార్చక తప్పదు."

ఆమె తల ఊపింది. ఆ మాట వస్తుందని తెలిసే వచ్చింది. తాబేళ్లు ఎన్ని, ఏం తింటాయి అని అడగబోయి, ఆప్రాన్ ముడి సరిచేసుకుంది.

"అయితే," అన్నాడు బెలార్మీనో టోపీ తిప్పుకుంటూ, "ఫిలోమెనా జంటకి తిండెవరు పెడతారు?"

"నువ్వే."

"నేనా! డాక్టర్ గారూ, ఉన్నవాటికి అరటిపండు ఒలవడానికే నాకు నడుము పట్టేస్తుంది. ఇంకో రెండా? వాటికి మిడతలూ! నా వల్ల కాదు. ఆవిణ్ణే రమ్మనండి. బ్రష్షు మాత్రం గుమ్మం బయట పెట్టి రావాలి."

జుల్మీరా అతని వైపు చూసింది. అందులో దయ ఎంత, బద్ధకం ఎంత అన్నది ఆమె చచ్చేదాకా తేల్చుకోలేకపోయింది. దయ అయితే భరించడం కష్టం కాబట్టి బద్ధకమనే ఖాయం చేసుకుంది.

అలా ఇద్దరూ ఒకే కప్పు కింద చేరారు. డాక్టరు ఒక పద్ధతి పెట్టాడు. కొమ్మల్లో సగం ఈ వారం కడగాలి, తక్కిన సగం పై వారం. అన్నీ ఒకేసారి ఎన్నడూ కడగకూడదు. ఆ పద్ధతి మాట బయటి జంతుశాలలకు కూడా పాకింది. ఊళ్లో మాత్రం అందరూ దాన్ని 'బెలార్మీనో పద్ధతి' అన్నారు. ఎందుకనరు? సారాకొట్టులో అతను రోజూ ఉపన్యాసమిచ్చేవాడు.

"రెండేళ్లు కడక్కుండా కూచోవడం మాటలనుకున్నారా? ఎంతమంది తిట్టారు! అయినా చలించలేదు. అది పరిశోధన, బాబూ."

ఆ మాటలు చెవిన పడినప్పుడల్లా జుల్మీరాకు ఒళ్లు భగ్గుమనేది. చేతులు దురద పెట్టేవి. కొమ్మల జోలికి పోకూడదు కాబట్టి షెడ్డు ముందు దారి కడిగేది. దారి అయిపోతే పనసచెట్టు మొదలు కడిగేది. ఆ ఏడు పనసకాయలు సబ్బు వాసన వేశాయని దొరలీసి ప్రమాణం.

సెప్టెంబర్లో తొలి వాన పడిన రోజు ఫిలోమెనా కంది. రెండు. జుల్మీరా తీగ కంచెకు మొహం ఆనించి నిలబడితే, ఫిలోమెనా దగ్గరికొచ్చి ఒక చేత్తో ఆమె వేలు పట్టుకుంది. రెండు వారాలకల్లా బరాన్ ఆ ఇద్దర్నీ వీపు మీదికి లాక్కుని మోయడం మొదలెట్టాడు. జుల్మీరా ఎవరూ చూడకుండా ఏడ్చింది. ఆ తర్వాత అటువైపు పిమెంతా కాన్పు ఎప్పుడో, ఆ కడుపు ఎంతుందో, అందులో రెండున్నాయా మూడున్నాయా అని గోడవార నక్కి చూసింది. మూడైతే ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

డాక్టరు కెమెరా తెచ్చాడు. షెడ్డు ముందు ఇద్దర్నీ నిలబెట్టాడు. బెలార్మీనో నీళ్లతో జుట్టు దువ్వుకొచ్చాడు. జుల్మీరా కొత్త ఆప్రాన్ కట్టింది.

"కాస్త దగ్గరికి జరగండి," అన్నాడు డాక్టరు.

"రెండు మూరలు చాలు డాక్టర్ గారూ. ఫోటోలోకి వాసన రాకూడదు."

"నవ్వండి, దోనా జుల్మీరా," అన్నాడు బెలార్మీనో పెదవి కదపకుండా. "లేకపోతే చూసినవాళ్లు నా పిల్లలే అనుకుంటారు."

ఆ ఫోటో ఇప్పటికీ డాక్టరు గది గోడకు ఉంది. అందులో ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. కెమెరా వైపు మాత్రం ఒక్కరూ చూడటం లేదు. ఆమె కళ్లు ఓరగా అతని గదిలోని కొమ్మ మీద ఉన్నాయి, అతనివి ఆమె గదిలోని కొమ్మ మీద. ఎవరి కొమ్మ మీద ఎన్ని తోకలు వేలాడుతున్నాయో లెక్కపెట్టుకుంటున్నారు.